టెక్ సందేహాలు: ఫైర్ ఫ్లవర్ రంగులు సగం ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: పాత సూపర్ మారియో బ్రదర్స్ ఆడుతూ స్క్రీన్ రికార్డ్ చేసి, దాన్ని జిఫ్‌గా మార్చాను. ఆటలో ఫైర్ ఫ్లవర్ (మారియోకు నిప్పు బంతులు విసిరే శక్తినిచ్చే పువ్వు) చకచకా రంగులు మారుస్తుంది. జిఫ్‌లో మాత్రం రెండు రంగులే కనిపిస్తున్నాయి. యాప్‌లో లోపమా?

జవాబు: యాప్ బాగానే ఉంది. మీ జిఫ్ సెకనుకు 15 ఫ్రేములతో సేవ్ అయి ఉంటుంది, చూసుకోండి.

1985లో వచ్చిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లే. ఒక్కో రంగుకు ఒక్కో పువ్వు గీసి పెట్టుకునేంత చోటు లేదు. కదిలే బొమ్మలకు ఆ ఆట నడిచే నింటెండో మెషీన్ ఇచ్చేది నాలుగు పాలెట్లు, అంటే రంగుల జట్లు, ఒక్కోదాంట్లో మూడు రంగులు. అందుకే పువ్వు బొమ్మను ఒకసారే గీసి (అదీ ఎడమ సగమే, కుడి సగం దాన్నే తిప్పి వేస్తారు) పాలెట్ నంబర్ మారుస్తూ పోయారు. అంటే ఆ రంగులు పువ్వు సొంతం కాదు. ఒకటి మారియోది, మిగతావి శత్రువులవి. మారియో తమ్ముడు లూయీజీతో ఆడితే పువ్వులో ఒక రంగుల జట్టు మారిపోవడం గమనించే ఉంటారు. ఇంకో ముచ్చట, మారేది పై సగమే. కాడ రంగు అలా మెరుస్తూ మారదు. ఇంత పొదుపైన పనితనం ఇప్పటి ఆటల్లో అరుదు.

ఇక మీ లెక్క. ఆట సెకనుకు దాదాపు 60 ఫ్రేములతో నడుస్తుంది. ప్రతి రెండు ఫ్రేములకు పాలెట్ మారుతుంది కాబట్టి నాలుగూ ఎనిమిది ఫ్రేముల్లో ఒక చుట్టు పూర్తిచేస్తాయి. 15 ఫ్రేముల జిఫ్ ప్రతి నాలుగో ఫ్రేమునే పట్టుకుంటుంది. దాంతో ఒకటో పాలెట్, మూడో పాలెట్, మళ్లీ ఒకటోది... మిగతా రెండూ దానికి దొరకవు. జిఫ్ మానేసి 60 ఫ్రేముల ఎంపీ4గా సేవ్ చేయండి.

ప్రశ్న: నేను తయారుచేస్తున్న పిక్సెల్ గేమ్‌లో ఇలాంటి మొక్క పెట్టాలి. నాలుగు బొమ్మలు గీయాలా?

జవాబు: అక్కర్లేదు. రేకుల్ని మూడు బూడిద షేడ్లలో గీయండి. ఏ షేడ్‌కు ఏ రంగో చెప్పే చిన్న పాలెట్ టెక్స్చర్ (రంగుల పట్టీ లాంటి బొమ్మ ఫైలు) ఒకటి తయారుచేసి, రంగులు వేసే పని షేడర్‌కు, అంటే గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రాముకు, వదిలేయండి. ఆకుల్ని వేరే స్ప్రైట్‌గా (విడి బొమ్మగా) ఉంచితే వాటి రంగు మారకుండా ఉంటుంది. వేగం మాత్రం పాత ఆటను చూసి పెట్టొద్దు. తెర మీద ఏదైనా సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెరుపులకు మూర్ఛ వచ్చేవాళ్లు ఉంటారు. ఆటలకూ ఆ హద్దు పాటించడం మంచిది. రంగు మెల్లగా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి జారితే చూడ్డానికీ బాగుంటుంది.

ప్రశ్న: న్యూ సూపర్ మారియో బ్రదర్స్‌లో ఈ పువ్వు రంగు మారట్లేదు. ఏదైనా సెట్టింగ్ ఆన్ చేయాలా?

జవాబు: అలాంటి సెట్టింగ్ లేదు. అందులో పువ్వును స్థిరమైన రంగులతోనే గీశారు.