ఎండాకాలంలో పది మందిని టీకి పిలిస్తే ఏం చేయాలి?

ఎండలు మండిపోతుంటే మధ్యాహ్నం పది మందిని టీకి పిలవొచ్చా, ఏమేం ముందే చేసి పెట్టుకోవాలి అని అడిగారు. పిలవండి. కాకపోతే టీ చల్లగానే ఇవ్వండి, దాన్ని ముందు రోజు రాత్రే నానబెట్టేయండి. వాళ్లొచ్చాక మీరు పొయ్యి దగ్గర నిలబడితే ఎవరికీ స్థిమితం ఉండదు.

కాచి చల్లార్చిన నీళ్లు లీటరుకి 10 గ్రాముల టీ ఆకు వేసి, మూతపెట్టి 8 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. గ్రీన్ టీ అయితే 5 గంటలు చాలు. మరీ మెత్తటి పొడి వాడొద్దు, ఎంత వడకట్టినా అడుగున మడ్డి ఉంటుంది. చన్నీళ్లలో చేదు, వగరు నెమ్మదిగా దిగుతాయి కాబట్టి చక్కెర తక్కువైనా గొంతు పట్టదు. పది మందికి 4 లీటర్లు సరిపోతుంది. జగ్గుని ఎండలో పెట్టి టీ దింపే పద్ధతి మాత్రం వద్దు. ఆ గోరువెచ్చదనానికి సూక్ష్మజీవులు చావవు, పెరుగుతాయి.

రాత్రి కుదరకపోతే అర లీటరు మరిగే నీళ్లలో 10 గ్రాముల ఆకు వేసి 4 నిమిషాలాగి వడకట్టండి. ఆ డికాషన్‌ని స్టీలు గిన్నెలో అర కిలో ఐసు మీద పోస్తే ఐసు కరిగి లీటరు చల్లటి టీ అవుతుంది. చిక్కగా కాచేది అందుకే. మామూలు టీలో ఐసు వేస్తే రంగు నీళ్లే మిగులుతాయి. గాజు జగ్గులో ఈ పని చేయకండి, పగులుతుంది. వేడి డికాషన్ చల్లారాక ఒక్కోసారి మసకబారుతుంది. కెఫీన్, టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు కలిసి అలా చేస్తాయి. చెడిపోయినట్టు కాదు, కాసిని మరిగే నీళ్లు పోస్తే తేటపడుతుంది.

చల్లటి టీలో చక్కెర త్వరగా కరగదు, అడుగునే ఉండిపోతుంది. కప్పు చక్కెరకి కప్పు నీళ్లు పోసి, కరిగేదాకా వేడిచేసి చల్లార్చి వేరే గిన్నెలో పెట్టండి, ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకుంటారు. నిమ్మ చెక్కలు కూడా గ్లాసులోనే వేయాలి. జగ్గులో గంటలకొద్దీ నానితే తొక్క చేదు దిగుతుంది. పుదీనా ఆకుల్ని అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి వేస్తే చాలు, వాసన లేచొస్తుంది. మెత్తగా దంచితే పసరు వాసనే.

ఐసు ఎప్పుడూ చాలదు. పది మందికి 5 కిలోలు పెట్టుకోండి, సగం గ్లాసుల్లోకి, సగం జగ్గుల కింద తొట్టిలోకి. కొంచెం టీనే ట్రేలో పోసి గడ్డకట్టిస్తే కరిగినా రుచి పలచబడదు.

తినేవాటిలో క్రీము, చాక్లెట్ జోలికి పోవద్దు, వెన్నే 32–35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కీరదోస శాండ్‌విచ్ బావుంటుంది. చక్రాలు పల్చగా తరిగి, ఉప్పు చల్లి 15 నిమిషాలాగి, బట్టతో అద్దండి. రొట్టె అంచులదాకా వెన్న రాస్తేనే తడి లోపలికి పోదు. పళ్లెం మీద పిండేసిన తడిబట్ట కప్పి ఫ్రిజ్‌లో ఉంచండి. 32 డిగ్రీలు దాటిన వేడిలో ఇలాంటివి గంట కంటే ఎక్కువ బయట ఉండకూడదు, అందుకే రెండు విడతలుగా తీయండి. ఫ్యాను గాలి మనుషులకి తగలాలి గానీ పళ్లేలకి కాదు, రొట్టె అట్టలా ఎండిపోతుంది.

కుర్చీలు ఆరుబయట వేస్తుంటే ముందు రోజు అదే వేళకి వెళ్లి నీడ ఎక్కడ పడుతోందో చూడండి. పన్నెండింటికి ఉన్న నీడ నాలుగున్నరకి అక్కడ ఉండదు.

వేడి టీ లేకపోతే గడవనివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ఫ్లాస్కులో మరిగే నీళ్లు పోసి 5 నిమిషాలుంచి పారబోశాక డికాషన్ నింపండి, పాలు వేరే ఫ్లాస్కులో పోయండి.