ఒక్క కచేరీకే వెళ్ళే వీలుంటే జముకుల కథకే వెళ్ళండి

విజయనగరానికి కొత్తగా వచ్చామని, మీ పేటవాళ్ళు నెలనెలా జరిపే సంగీత కార్యక్రమాల్లో రాబోయే మూడు నెలలకు జముకుల కథ (జముకు అనే తంతి వాద్యం వాయిస్తూ చెప్పే పల్లె కథ), వీణ కచేరీ, తప్పెటగుళ్ళు (రొమ్మున వాద్యాలు కట్టుకుని ఆడే బృందం ఆట) ఉన్నాయని, మూడూ మైకు లేకుండానే జరుగుతాయని రాశారు. నాలుగేళ్ళ పాప, చంటిబిడ్డ ఉన్నారు కనుక ఒక్కదానికే వెళ్ళగలమని, అది ఏదైతే బాగుంటుందని అడిగారు. జముకుల కథకు వెళ్ళండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మిగతా రెండూ తక్కువవని కాదు. ఈ ఊళ్ళో కాపురం ఉంటే ఆ రెండూ ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడతాయి. దసరా వెళ్ళిన తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజుల్లో కోట దగ్గర నిలబడితే చాలు, పల్లెల నుంచి వచ్చిన తప్పెటగుళ్ళ బృందాల దరువులు వినిపిస్తూనే ఉంటాయి. వీణ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఇక్కడే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు ప్రిన్సిపాలుగా ఉన్న కళాశాల అది. ఘంటసాల, సుశీల అక్కడే సంగీతం నేర్చుకున్నారు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన అంటే ఇక్కడ సంగీతం తెలిసిన ఇళ్ళన్నీ కదులుతాయి. పిల్లలు కాస్త ఎదిగాక తీరుబడిగా వెళ్ళవచ్చు. జముకుల కథ మాత్రం గ్రామదేవత పండుగలకు, పల్లెల్లో, రాత్రిపూట జరిగేది. పట్నంలో, మీ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో, చాప మీద కూర్చుని, మైకు అడ్డం లేకుండా వినే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

మా అమ్మమ్మగారిది బొబ్బిలి దగ్గర పల్లె. అమ్మవారి సంబరాలకు అక్కడ జముకు వినడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. జముకు అంటే కుంచం ఆకారంలో ఉండే గొట్టం. ఒక వైపు తోలు బిగిస్తారు. ఆ తోలు నడుమ నుంచి ఒక తంతి బయలుదేరుతుంది, దాని కొసకు చిన్న కర్రముక్క కట్టి ఉంటుంది. గొట్టాన్ని చంకలో అదిమిపెట్టి, ఆ కర్రముక్కను గుప్పిట్లో పట్టుకుని, రెండో చేత్తో తంతిని మీటుతారు. గుప్పిటను ముందుకు లాగితే తంతి బిగిసి స్వరం పైకి లేస్తుంది, వదులు చేస్తే కిందికి జారుతుంది. అంటే దరువు మీటే చేతిలో, శ్రుతి ఆ గుప్పిట్లో ఉన్నాయి. కథకుడు ఏడుపు ఘట్టానికి వచ్చినప్పుడు జముకు వాయించే మనిషి చేతినే చూడండి. తంతిని ఒక్కసారి మీటి, ఆ మోత ఆగిపోక ముందే గుప్పిటను మెల్లగా వెనక్కి తీసుకుంటాడు. స్వరం వంగుతూ దిగిపోతుంది. చప్పుడు లేకుండా వింటున్న జనంలో అప్పుడు ఎవరో ఒకరు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

మైకు పెడితే పాడయ్యేది సరిగ్గా ఇదే. పట్నంలో ఒక వేదిక మీద ఇదే కథ విన్నాను. పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టారు. తంతి మోత అంతా కలిసిపోయి ఒకటే హోరు. కథకుడి మాట ఒక వైపు నుంచి, జముకు మరో వైపు నుంచి వచ్చాయి. ఎదురుగా కూర్చున్న మనుషులతో మాట్లాడుతూ, వాళ్ళ చేత ఊ కొట్టించుకుంటూ సాగవలసిన కథ, స్టాండుకు కట్టేసినట్టు ఒకే చోట నిలిచిపోయింది. మీ పేటవాళ్ళు మైకు వద్దనుకున్నందుకు వాళ్ళకు నా నమస్కారాలు చెప్పండి. ఎవరైనా పెద్దమనిషి చివరి నిమిషంలో మైకు తెప్పిస్తానంటే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

పాప కూర్చుంటుందా అని మీ భయం. మిగతా వాటికంటే దీనికే కూర్చుంటుంది. కథకుడు గజ్జెలు కట్టుకుని ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తాడు, రాణి గొంతు, ముసలమ్మ గొంతు మార్చి మార్చి మాట్లాడతాడు, వంతపాడేవాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. మాటలన్నీ మన ఉత్తరాంధ్ర పల్లె మాటలే. పాపకు సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఆ కదలికలు పట్టేస్తాయి. మా మేనకోడలిని అదే వయసులో తీసుకెళ్ళాం. మర్నాడు దిండు చంకలో పెట్టుకుని, లేని తంతిని లాగుతూ ఇల్లంతా తిరిగింది. చంటిబిడ్డ ఏడిస్తే లేచి నాలుగడుగులు పక్కకు వెళ్ళి రండి. పల్లెల్లో ఈ కథ వినేది తల్లులూ పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ కలిసే. కథకులకు అది అలవాటే.

పిల్లలను పెద్దవాళ్ళకు అప్పగించే వీలు దొరికితే రెండో ఎంపికగా వీణ కచేరీ పెట్టుకోండి. కళాకారులు బొబ్బిలి వీణ తెస్తే ముందుగా వెళ్ళి దగ్గర నుంచి చూడండి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస కర్రతో చేస్తారు. కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) విడివిడిగా అతికించకుండా ఒకే దుంగలో తొలిచిన ఏకాండి వీణ అయితే ఇంకా మంచిది. ఇరవై నాలుగు మెట్లనూ మైనం మీద నిలబెడతారు. మైకు లేని వీణలో మీటు కంటే, మీటిన తర్వాత ఎడమచేతి వేలు తంతిని పక్కకు లాగినప్పుడు సాగే గమకం ముఖ్యం. అది మూడో వరుస దాటితే సరిగా వినిపించదు. అందుకే ముందు కూర్చోండి. పైన ఫ్యాను తిరుగుతుంటే ఆపమని అడగండి, ఆ రొద సగం గమకాన్ని మింగేస్తుంది. కచేరీ అయ్యాక వైణికుల ఎడమచేతి వేళ్ళు చూపించమంటే ఆనందంగా చూపిస్తారు. తంతులు ఒరిసి ఒరిసి వేలికొసల మీద గాట్లు పడి ఉంటాయి. వేళ్ళు జారడానికి పక్కన చిన్న గిన్నెలో నూనె పెట్టుకుంటారు. ఇవి చూశాక ఆ నాదం వెనక ఎంత సాధన ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. చంటిబిడ్డతో మాత్రం దీనికి వద్దు. వీణకు నిశ్శబ్దం కావాలి. ప్రతి చిన్న ఏడుపుకూ మీరే ఇబ్బంది పడతారు.

తప్పెటగుళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. రొమ్ము మీద రేకు వాద్యాలు కట్టుకుని, రెండు అరచేతులతో మోగిస్తూ, కాళ్ళ గజ్జెలతో పదిహేను ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట ఇది. ఉత్తరాంధ్ర యాదవుల సొత్తు. గంగమ్మ కథ, కాటమరాజు కథ, కృష్ణలీలలు పాడతారు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే విన్యాసాలూ ఉంటాయి. చూసి తీరవలసిందే, కానీ ఆ మోతకు మైకు అవసరం ఎన్నడూ లేదు. చంటిబిడ్డ చెవులకు అది చాలా ఎక్కువ. సిరిమానోత్సవానికో, ఏదైనా ఊరి పండుగకో దూరంగా నిలబడి చూడండి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. టికెట్టు లేదని ఖాళీ చేతులతో వెళ్ళకండి. జముకుల కథ చెప్పేవాళ్ళలో ఎక్కువమందికి పొలం పనో, కూలి పనో జీవనాధారం. ఒక రాత్రి కథ అంటే మర్నాటి పని పోయినట్టే. పళ్ళెం తిప్పితే మీకు తోచినంత వేయండి, తిప్పకపోతే కథ అయ్యాక బృందం పెద్ద చేతిలో పెట్టండి. పేరు అడగండి, ఏ ఊరో అడగండి. వాళ్ళ ఊరికి చివరి బస్సు ఎన్నింటికో, రాత్రి భోజనం ఎవరు పెడుతున్నారో నిర్వాహకులను ముందే కనుక్కోండి. ఎవరూ పట్టించుకోకపోతే మీ వీధిలో నలుగురు కలిసి ఆ పని చూసుకోవచ్చు. మేము అలాగే చేస్తాం. వంట చేసి పెట్టిన రోజున భోజనాల దగ్గర వాళ్ళు పాడే పాటలు కార్యక్రమంలో ఉండవు, అవి ఇంకా బాగుంటాయి.

శాలువా, చాప తీసుకెళ్ళండి, దసరా దాటాక రాత్రిళ్ళు మంచు పడుతుంది. ఫోను వెలుగు కథకుడి ముఖం మీద పడనివ్వకండి, రికార్డు చేయాలనుకుంటే ముందే అనుమతి అడగండి. ప్రార్థన పాటకు ముందే చేరుకుంటే ముందు వరుస దొరుకుతుంది.

వెళ్ళే ముందు ఏ కథ చెబుతున్నారో తప్పక కనుక్కోండి. సాధారణంగా ఎల్లమ్మ కథే, అంటే పరశురాముడి తల్లి రేణుక కథే చెబుతారు. అది ఒక రాత్రంతా సాగే కథ కాబట్టి రెండు గంటల్లో ఒక భాగమే వస్తుంది. జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు తల్లి తల నరికే ఘట్టం వచ్చేటట్టయితే, నాలుగేళ్ళ పిల్ల జడుసుకుంటుంది. కొడుకు వరం అడిగి అమ్మను మళ్ళీ బతికించుకుంటాడని ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి.