గూఫీ కార్టూన్లు చూసే అబ్బాయికి యానిమేషన్ చదువు సరిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఈఏపీసెట్ కోచింగ్‌కు పంపుతున్నాం. రాత్రిళ్లు మాత్రం పాత గూఫీ కార్టూన్లు పదేపదే చూస్తూ, ఫోన్లో తనూ బొమ్మల వీడియోలు చేస్తున్నాడు. యానిమేషన్ చదువుతానంటున్నాడు. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. వాడు చేసిన వీడియో ఒకటి పంపుతున్నాను, చూసి చెప్పండి. – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ వీడియో గురించే చెబుతాను. ‘పంచె కట్టుకోవడం ఎలా’ అని నలభై సెకన్లు. వాళ్ల తాతగారి గొంతు కాబోలు, ‘ముందుగా రెండు అంచులూ సమానంగా పట్టుకోవలెను’ అని పాఠం చెబుతుంటే, బొమ్మలోని మనిషి పంచెతో పాటు కిటికీ కర్టెన్‌ను కూడా నడుముకు చుట్టేసుకుంటాడు. తాతగారి గొంతులో ఎక్కడా నవ్వు లేదు. అందుకే నాకు నవ్వాగలేదు.

మీవాడు చూస్తున్న కార్టూన్ల ప్రాణమంతా అక్కడే ఉంది. గూఫీ అంటే డిస్నీ స్టూడియో సృష్టించిన, ఏ పని చేసినా తడబడే కుక్క పాత్ర. 1941 నుంచి డిస్నీలో జాక్ కిన్నీ దర్శకత్వంలో గూఫీతో స్కీయింగ్, గుర్రపు స్వారీ, బేస్‌బాల్, ఈత అంటూ వరసగా ‘ఎలా చేయాలి’ కార్టూన్లు వచ్చాయి. గూఫీకి గొంతిచ్చిన పింటో కాల్విగ్ అప్పటికి స్టూడియో వదిలి వెళ్లారు. దాంతో గూఫీ మాటలు తగ్గించి, జాన్ మెక్లీష్ గంభీరమైన గొంతుతో పాఠం చెప్పించారు. ‘హౌ టు స్విమ్’ (1942)లో గూఫీ ఇంట్లో పియానో స్టూలు మీద బోర్లా పడుకుని ఈత కొట్టడం ప్రాక్టీస్ చేస్తాడు. గొంతు పద్ధతి చెబుతూనే ఉంటుంది, ఒళ్లు మాట వినదు. నవ్వు పుట్టాలంటే ముందు సరైన పద్ధతి ఏమిటో గీసేవాడికి బాగా తెలిసుండాలి. పంచె కట్టడం తెలియనివాడు మీవాడి వీడియో లాంటిది తీయలేడు.

నవ్వులాటకేనా ఈ చదువు అని వాళ్ల నాన్నగారు అడగొచ్చు. దాదాపు ఆ రోజుల్లోనే అదే స్టూడియో లాక్‌హీడ్ విమాన కంపెనీ కోసం రివెట్లు కొట్టే నాలుగు పద్ధతుల మీద శిక్షణ చిత్రం తీసింది. అలాంటి పని ఇప్పుడూ ఉంది. పిల్లల సీరియళ్లు, గేములు, ప్రకటనలతో పాటు ఆన్‌లైన్ పాఠాలు, ఆస్పత్రులు, ఫ్యాక్టరీల శిక్షణ వీడియోలకూ యానిమేటర్లు కావాలి. ‘ఛోటా భీమ్’ తీసే గ్రీన్ గోల్డ్ మన హైదరాబాద్‌దే. అయితే మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలంత ఉండవు, డెడ్‌లైన్ల టెన్షన్ ఎక్కువ. ఈ మాట ఇప్పుడే ఇంట్లో చెప్పుకోవడం మంచిది.

ఎక్కడ చదవాలంటే, నా మొదటి ఓటు అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్). అక్కడ నాలుగేళ్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ)లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, ఎన్‌ఐడీ డాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీ బాంబే బీడెస్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో కంప్యూటర్ పరీక్షతో పాటు చేత్తో బొమ్మ గీసే భాగమూ ఉంటుంది. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) యానిమేషన్ ఉంది. డిజైన్ పరీక్షల దరఖాస్తులు ఇంటర్ పరీక్షలకు చాలా ముందే మొదలవుతాయి, కాబట్టి నోటిఫికేషన్లు దసరా నుంచే చూస్తుండండి. ఈఏపీసెట్ మానిపించనక్కర్లేదు, రెండూ రాయనివ్వండి.

‘ఆరు నెలల్లో యానిమేటర్, ఉద్యోగం గ్యారంటీ’ అనే బోర్డు చూసి లక్షలు కట్టకండి. అలాంటి చోట చేరి, సాఫ్ట్‌వేర్‌లో బటన్లన్నీ నేర్చుకుని, నడిచే మనిషిని గీయలేక నా దగ్గరికొచ్చిన పిల్లలున్నారు. వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సాఫ్ట్‌వేర్ తర్వాతైనా వస్తుంది. చేయి, కన్ను ఇప్పుడే తిరగాలి. రోజూ అరగంట హనుమకొండ బస్టాండ్‌లో కూర్చుని, బస్సెక్కే మనుషులను పెన్సిల్‌తో గీయమనండి. మూట మోసే మనిషి ఎటు వంగుతాడో, మెట్టెక్కే ముసలావిడ ముందు ఏ కాలు పెడుతుందో పుస్తకంలో దొరకదు.

మీవాడికి ఇంకో మాట చెప్పండి. చివర్లో పంచె జారే చోట తాతగారి వాక్యం పూర్తికాకముందే మనిషి పడిపోతున్నాడు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు (విడి బొమ్మలు) కదా, ఆ పడటాన్ని వాక్యం ముగిశాక ఒక 12 ఫ్రేముల తర్వాతకు జరపమనండి. వాక్యం ముగియాలి, అర సెకను ఆగాలి, అప్పుడు పడాలి. సరిచేశాక నాకు మళ్లీ పంపించండి.