నెట్ మీటర్ రాకముందే సోలార్ ఆన్ చేస్తే బిల్లు పెరిగిందా?

అండీ, 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టి నెల తిరక్కముందే బిల్లు ఎక్కువ వచ్చిందన్నారు కదా. ముందు ఇన్వర్టర్ పక్క డబ్బాలో ఉన్న సోలార్ ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్చు) దింపేయండి. మీకున్నది ఇంకా పాత మీటరే, వాడిన కరెంటునీ బయటకు పంపిన కరెంటునీ విడివిడిగా లెక్కేసే నెట్ మీటర్ కాదు. అలాంటి చాలా డిజిటల్ మీటర్లు బయటకు వెళ్లే యూనిట్లను కూడా మీరు వాడినట్టే లెక్కేస్తాయి. మాకూ ఇదే జరిగింది.

అనుమానముంటే మిట్టమధ్యాహ్నం ఒక్కసారి చూడండి. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపి, సోలార్ మాత్రం పది నిమిషాలు ఆన్ చేయండి. మీటరు మీద ఎర్ర లైటు గబగబా కొట్టుకుంటూ రీడింగ్ పైకి పోతుంటే సంగతి అదే. ఫోన్‌లో వీడియో తీసి, రీడింగ్ ఫొటోతో కరెంటు శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆఫీసులో అర్జీ ఇవ్వండి.

నెట్ మీటర్ రాకుండా ఆగడానికి కారణం, కరెంటు సర్వీసు ఇంకా మీ నాన్నగారి పేరు మీద ఉండటమే అనిపిస్తోంది. పేరు మార్పు ముందు చేయించుకోండి. బిల్లు మీద పేరు, దరఖాస్తుదారు పేరు, బ్యాంకు ఖాతా కలవాలి. లేకపోతే పీఎం సూర్యఘర్ (ఇళ్ల పైకప్పు సోలార్‌కు కేంద్రం పథకం) కింద మీకు రావాల్సిన 78,000 రూపాయల సబ్సిడీ కూడా ఇరుక్కుంటుంది. మీటరు బిగించి, తనిఖీ అయ్యాకే ఆ డబ్బు పడుతుంది, అందుకే ప్యానెళ్లు బిగించిన వెండర్‌కు చివరి వాయిదా అప్పటిదాకా ఇవ్వకండి. ప్యానెళ్లు డీసీఆర్‌వేనా (మన దేశంలోనే తయారైనవేనా), సీరియల్ నంబర్లతో సహా రాయించుకోండి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోవడం లోపం కాదు. మీ సోలార్ కరెంటు లైన్లోకి వెళ్లి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదకు రాకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది.