పాయింట్లు తీసేసే ముందు కాయిల్‌ను కొలవండి

ప్రశ్న: నా దగ్గర 1950ల నాటి విల్లీస్ సీజే-3బి జీపు ఉంది. నాకు అమ్మినవారు దాని 6 వోల్టుల బ్యాటరీని, డైనమోను తీసేసి 12 వోల్టులకు మార్పించారు. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది కానీ, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని (ప్లగ్‌లకు స్పార్క్‌ను పంచే భాగంలోని) కాంటాక్ట్ పాయింట్లు ఎన్నిసార్లు మార్చినా కొద్ది రోజులకే నల్లబడి గుంటలు పడుతున్నాయి. పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించమని అందరూ సలహా ఇస్తున్నారు. పెట్టించవచ్చా? దానితోపాటు ఇంకేమి మార్చాలి?

జవాబు: పెట్టించవచ్చు, కానీ ఇప్పుడే వద్దు. పాయింట్లు మాటిమాటికీ కాలిపోతున్నాయంటే దోషం సాధారణంగా పాయింట్లలో ఉండదు, వాటి గుండా పోతున్న కరెంటులో ఉంటుంది. ఆ దోషాన్ని అలాగే ఉంచి మాడ్యూల్ (పాయింట్ల పని చేసే ఎలక్ట్రానిక్ భాగం) పెడితే, ఇప్పుడు పాయింట్లను తింటున్నది రేపు మాడ్యూల్‌ను తింటుంది. పైగా పాయింట్లు కాలితే ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది ఇల్లు చేరవచ్చు. మాడ్యూల్ కాలితే బండి ఉన్నచోటే ఉండిపోతుంది.

అమెరికన్ ఇంజనీర్ చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో రూపొందించిన ఇగ్నిషన్ పద్ధతే మీ జీపులోనూ ఉంది. బ్యాటరీ కరెంటు కాయిల్ ప్రైమరీ చుట్ట గుండా వచ్చి, పాయింట్లు మూసుకొని ఉన్నంతసేపూ ఎర్త్‌లోకి, అంటే బండి బాడీలోకి పోతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది కామ్ (మిట్టలున్న భాగం) వాటిని విడదీసిన క్షణాన కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా పడిపోయి, సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్ దగ్గర స్పార్క్ వస్తుంది. పాయింట్ల మీద ఎంత కరెంటు పడుతుందో తేల్చేది ప్రైమరీ చుట్ట నిరోధం. 12 వోల్టుల మామూలు కాయిల్‌లో అది 3 ఓంల దరిదాపుల్లో ఉంటుంది కనుక 4 ఆంపియర్లు ప్రవహిస్తాయి, పాయింట్లు ఆ మాత్రం తట్టుకుంటాయి. బ్యాటరీని మార్చినవారు పాత 6 వోల్టుల కాయిల్‌ను అలాగే వదిలేసి ఉంటే దాని నిరోధం ఒకటిన్నర ఓం ప్రాంతంలో ఉంటుంది కాబట్టి కరెంటు 8 ఆంపియర్లకు చేరుతుంది. ఇంజిన్ నడుస్తూ ఛార్జింగ్ 14 వోల్టులకు పెరిగితే 9 కూడా దాటుతుంది. ఏ కంపెనీ పాయింట్లు వేసినా దానికి నిలవవు.

కాబట్టి ముందు కాయిల్‌ను కొలవండి. కీ ఆపి, కాయిల్ మీది రెండు సన్న తీగలనూ ఊడదీసి, మల్టీమీటర్‌ను ఓంల కనిష్ఠ స్కేలులో పెట్టండి. కొలిచే ముందు మీటర్ పిన్నులు రెండింటినీ ఒకదానికొకటి తాకించి చూడడం మరవకండి, ఎందుకంటే చౌక మీటర్లలో ఆ తీగలే 0.3 లేదా 0.4 ఓంలు చూపిస్తాయి, ఒకటిన్నర ఓం వస్తువును కొలిచేటప్పుడు అది చిన్న తేడా కాదు. ఆ అంకెను తీసివేయగా మిగిలింది 3 దగ్గర ఉంటే కాయిల్ సరైనదే. ఒకటిన్నర దగ్గర ఉంటే, దానికి వరుసలో కరెంటును తగ్గించే ఒకటిన్నర ఓం బ్యాలస్ట్ రెసిస్టర్ ఉందేమో వెతకండి. అది లేకపోతే మీ పాయింట్ల రోగం దొరికినట్టే: సరైన 12 వోల్టుల కాయిల్ వేయండి.

కాయిల్ సరిగానే ఉంటే కండెన్సర్‌ను అనుమానించాలి. పాయింట్లు విడిపోయేటప్పుడు పుట్టే మంటను అణచేది అదే. అది బలహీనపడితే ఒక పాయింట్ మీద గుంట, ఎదుటి దాని మీద బొడిపె ఏర్పడతాయి. కామ్ మీద గ్రీజు ఎక్కువై పాయింట్ల మీదికి చిమ్మినా అవి నల్లబడతాయి.

తరువాత డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్. క్యాప్, రోటర్ తీసి, షాఫ్ట్ పైకొసను రెండు వేళ్లతో పట్టుకొని అటూ ఇటూ పక్కలకు కదపండి. చేతికి తెలిసేంతగా ఊగుతోందంటే దాన్ని పట్టి ఉంచే బుష్ అరిగినట్టు. ఈ ఇంజిన్ పాయింట్ గ్యాప్ 0.020 అంగుళాలు, అంటే అర మిల్లీమీటరు. షాఫ్ట్ అందులో ఐదో వంతు, 0.1 మిల్లీమీటరు ఊగినా గ్యాప్ సిలిండర్‌కొక రకంగా మారిపోయి, టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) కూడా దానితోపాటు అటూ ఇటూ అవుతుంది. మాడ్యూల్ పెడితే ఈ ఊపు తగ్గుతుందనే భ్రమ చాలామందికి ఉంది. సెన్సర్ ముందు తిరిగే అయస్కాంతాల వలయం కూడా ఆ షాఫ్ట్ మీదే కూర్చుంటుంది కనుక దోషం కొంత కనబడకుండా పోతుందే తప్ప తొలగదు. బుష్ మార్పించేటప్పుడే అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపేవి) జిడ్డు పట్టి బిగుసుకున్నాయేమో, వాటి స్ప్రింగులు సాగిపోయాయేమో చూపించండి. మీ జీపు ఎత్తులో తడబడడానికి అది కూడా కారణం కావచ్చు.

ఇవన్నీ సరిచేశాక మాడ్యూల్ పెట్టుకుంటే దాని ఫలితం తెలుస్తుంది. గుర్రపు శక్తి పెరుగుతుందని ఆశించకండి. పాయింట్లలో కామ్‌కు రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ వెనుకబడుతుంది. మాడ్యూల్‌లో రాసుకునేదేమీ లేదు కాబట్టి ఒకసారి పెట్టిన టైమింగ్ నిలిచి ఉంటుంది. అసలు లాభం అదే. బిగించాక స్ట్రోబ్ లైటుతో టైమింగ్ మళ్లీ పెట్టాలి. ఈ ఇంజిన్‌కు అది పై డెడ్ సెంటర్‌కు (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానానికి) 5 డిగ్రీలు ముందు. బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న బండిలో మాడ్యూల్ కరెంటు తీగను రెసిస్టర్‌కు ముందే కలపాలి, కాయిల్ మాత్రం రెసిస్టర్ తరువాతే ఉండాలి. వట్టి రాగి తీగ ఉన్న హైటెన్షన్ వైర్ల (ప్లగ్‌లకు పోయే వైర్ల) నుంచి వచ్చే విద్యుత్ అలజడి మాడ్యూల్‌ను తికమక పెడుతుంది కనుక వాటి బదులు ఆ అలజడిని అణచే సప్రెషన్ వైర్లు వేయించండి. ప్లగ్ గ్యాప్‌ను 0.030 అంగుళాల దగ్గరే ఉంచండి. ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో వదిలే అలవాటు ఉంటే మానుకోవాలి, ఎందుకంటే కొన్ని మాడ్యూళ్లలో కరెంటు ఆగకుండా ప్రవహించి కాయిల్, మాడ్యూల్ రెండూ కాలిపోతాయి.

తీసిన పాయింట్ల ప్లేటును, కండెన్సర్‌ను పారేయకండి. గ్యాప్ సరిచూసి, ఫీలర్ గేజ్‌తో, స్క్రూడ్రైవర్‌తో కలిపి ఒక డబ్బాలో వేసి సీటు కింద ఉంచుకోండి.

ప్రశ్న: నాది 1967కు ముందు తయారైన ల్యాండ్ రోవర్ సిరీస్ 2ఏ. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ బాడీకి కలిపి ఉంది. దీనికి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పనికివస్తుందా?

జవాబు: ఆ కాలపు ల్యాండ్ రోవర్లలో అది పొరపాటు కాదు, అప్పటి పద్ధతే. అయితే పాయింట్లకు దిశతో పట్టింపు లేదు గానీ మాడ్యూల్‌కు ఉంది. నెగటివ్ ఎర్త్ మాడ్యూల్‌ను అలాగే కలిపితే కీ తిప్పిన మరుక్షణం పాడవుతుంది. పాజిటివ్ ఎర్త్ కోసమే చేసిన మాడ్యూళ్లు ఉన్నాయి, అది తీసుకోవడం సులువు. లేదా బండి మొత్తాన్ని నెగటివ్ ఎర్త్‌కు మార్చుకోవచ్చు: బ్యాటరీ తీగలు తారుమారు చేయాలి, డైనమో ఫీల్డ్ టెర్మినల్‌కు బ్యాటరీ కరెంటును ఒక్క క్షణం తాకించి దాని ధ్రువాన్ని మార్చాలి, కాయిల్ తీగలు, అమ్మీటర్ తీగలు అటుదిటు చేయాలి. కాయిల్ తీగలను మరిచిపోయినా బండి నడుస్తుంది. అందుకే చాలామంది వాటిని అలాగే వదిలేస్తారు. కానీ అప్పుడు ప్లగ్ మధ్య కొసకు నెగటివ్ బదులు పాజిటివ్ వచ్చి, స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావలసివస్తుంది.

ప్రశ్న: వాగు దాటిన ప్రతిసారీ నా పాత జీపు ఆగిపోతోంది. మాడ్యూల్ పెడితే ఆగకుండా ఉంటుందా?

జవాబు: ఉండదు. నీరు దెబ్బ తీసేది ఎక్కువగా క్యాప్, హైటెన్షన్ వైర్ల దగ్గర, అవి పాయింట్లకైనా మాడ్యూల్‌కైనా ఒకటే. క్యాప్ లోపల వెంట్రుకంత పగులు, బొగ్గు గీత ఉన్నాయేమో వెలుతురులో పట్టి చూడండి, ఉంటే క్యాప్ మార్చండి. వైర్లు క్యాప్‌లోకి దిగేచోట రబ్బరు తొడుగులు బిగుతుగా ఉండాలి, వాటి లోపల కొద్దిగా సిలికాన్ గ్రీజు పూయాలి. ఫ్యాన్ నీటిని ఇంజిన్ మీదికి చిమ్మకుండా వాగులోకి దిగే ముందు దాని బెల్టు తీసేసి, దాటిన వెంటనే మళ్లీ వేసుకోవచ్చు. కానీ చాలా జీపుల్లో అదే బెల్టు నీళ్ల పంపునూ తిప్పుతుంది కాబట్టి దాటడం నిమిషాల్లో ముగిసే చోటే ఈ పని చేయండి.