పక్షుల లెక్కింపుపై బీట్ సిబ్బందికి రెండు రోజుల శిక్షణ: ఏం నేర్పాలి?

మీ ప్రశ్న: నెల్లూరు జిల్లా అటవీశాఖలో కొత్తగా చేరిన బీట్ ఆఫీసర్లకి, వాచర్లకి జనవరి నీటిపక్షుల లెక్కింపుకి ముందు రెండు రోజుల శిక్షణ పెట్టాలి, హాల్లో స్లైడ్లు చూపిస్తే సరిపోతుందా?

సరిపోదండి. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో పై అధికారులకి పది నెలల డిప్లొమా, రేంజ్ ఆఫీసర్ల స్థాయికి మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉన్నాయి. చట్టం, మేనేజ్‌మెంట్ ప్లాన్ లాంటివి అక్కడ చూసుకుంటారు. మీ వాచరుకి కావలసింది కళ్ల ముందున్న గుంపుని అంకెగా మార్చడం, వచ్చే ఏడు ఇంకొకరు పోల్చుకోగలిగేలా ఆ అంకెని రాయడం. ఒక్క పూటే హాల్లో, మిగతాదంతా చెరువు కట్ట మీద పెట్టండి.

ఆ ఒక్క పూటలో నల్లగుడ్డ మీద బియ్యం గింజలు చల్లండి. 150, 400, 900 గింజల పొట్లాలు ముందే లెక్కపెట్టి కట్టుకోండి. పది సెకన్లు చూపించి మూసేసి, ఎన్నో రాయమనండి. మొదటి విడతలో చాలామంది తక్కువే రాస్తారు, గుంపు పెద్దదయ్యే కొద్దీ తేడా పెరుగుతుంది. అప్పుడు బ్లాకు పద్ధతి చెప్పండి: ఇరవై గింజల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి పట్టిన చోటు ఎంతో కంటికి అలవాటు చేసుకుని, అలాంటి చోట్లు గుంపులో ఎన్ని పడతాయో చూడాలి. బ్లాకుని చిక్కటి మధ్యలో తీసుకుంటే లెక్క ఉబ్బుతుంది, పలచటి అంచున తీసుకుంటే తరుగుతుంది. అందుకే చిక్కటి భాగానికి, పలచటి భాగానికి వేరువేరు బ్లాకులు తీసుకోవాలి.

కట్ట మీద పని పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే. ఎండ వీపు వైపు ఉండాలి కాబట్టి తూర్పు ఒడ్డున నిలబడి పడమరకి చూడాలి. తొమ్మిది దాటితే నీటి మీద గాలి మరిగి దూరపు బాతులు ముద్దల్లా కనిపిస్తాయి. కంభం చెరువు లాంటి పెద్దవాటిని తూము, కలుజు, తాటిచెట్టు లాంటి కదలని గుర్తులతో భాగాలు చేసి, భాగానికి ఇద్దరేసి, అందరూ ఒకే సమయంలో లెక్కపెట్టాలి. ఒకరు చూస్తూ చెప్పాలి, ఒకరు రాయాలి. పక్క భాగంలోకి ఎగిరిన గుంపుకి రకం, సంఖ్య, సమయం, దిక్కు రాసుకోకపోతే అవే పక్షులు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి.

రికార్డుల్ని ఎక్కువగా పాడుచేసేది తెల్లకొంగలే. అన్నిటినీ ఒకే గడిలో వేసేస్తారు. చిన్నదానికి ముక్కు, కాళ్లు నలుపు, కాలివేళ్లు మాత్రం పసుపు. పెద్దదానికి నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది, మధ్యరకానికి కంటి కిందే ఆగుతుంది. బైనాక్యులర్‌లో ఆ గీత కనపడేదాకా చూడమనండి. తేల్చుకోలేకపోతే ‘తెల్లకొంగ, రకం తెలియదు’ అని రాయడమే సరైన పని.

రెండో రోజు నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకెళ్లండి. 2022లో తిరుపతి జిల్లాలో కలిసినా, గూళ్ల లెక్క నేర్పడానికి అంతకంటే మంచి చోటు దగ్గర్లో లేదు. నీళ్లలో పెరిగే కడప చెట్లమీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లని చెట్టు చెట్టుకీ విడిగా, ఇద్దరు మాట్లాడుకోకుండా లెక్కపెట్టి, తేడా పది శాతం దాటితే మళ్లీ లెక్కపెట్టాలి. దగ్గరికి నలుగురైదుగురికి మించి వెళ్లొద్దు, దారి దిగొద్దు. పెద్ద పక్షి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకీ కాకులకీ దొరుకుతాయి. గూడబాతు పిల్ల నెలల తరబడి గూట్లోనే ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసిన లెక్కతో ఎన్ని బతికాయో తెలియదు. అవే చెట్లు నెలనెలా చూడాలి. ఆ రోజు నీటిమట్టం కూడా అదే కాగితం మీద ఉండాలి. చెట్ల కింద నీరు ఎండితే కుక్కలు మొదళ్ల దాకా వచ్చేస్తాయి, కిందపడిన పిల్ల దక్కదు.

ఫోన్లో జీపీఎస్ డెసిమల్ డిగ్రీల్లోనే, అంటే నిమిషాలు, సెకన్లు లేకుండా దశాంశాల్లోనే పెట్టించండి. నెల్లూరు అక్షాంశం 14.44. దాన్ని 14 డిగ్రీల 44 నిమిషాలుగా రాస్తే చోటు సుమారు 33 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. పెన్ను వద్దు, మంచుకి తడిస్తే సిరా పాకుతుంది, పెన్సిలే మేలు. పక్షుల్లేని చెరువుకి కాగితం ఖాళీగా వదలకుండా ‘సున్నా’ అని రాయాలి. ఖాళీ గడి చూస్తే పక్షులు లేవో, మనిషే వెళ్లలేదో తెలియదు. బైనాక్యులర్లు 8x42వి (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి) ఇద్దరికొకటి చాలు. పది రెట్లు చూపే 10x చేతిలో వణుకుతుంది, కొత్తవాళ్లకి ఇబ్బంది.

శిక్షణకి మీరు లెక్కపెట్టబోయే చెరువు చేపల సొసైటీ వాళ్లని ఇద్దరిని కూడా పిలవండి. తూము ఎప్పుడు తెరుస్తారో, వలలు ఏ రోజు వేస్తారో వాళ్లకే తెలుసు. లెక్కింపు తేదీ దాన్నిబట్టే ఖాయం చేసుకోండి.