ఐరాస శాంతి సైనికులు లైంగిక నేరాలకు పాల్పడితే శిక్ష ఎందుకు పడదు?

రూల్స్ లేక కాదండీ. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల జోలికి పోకూడదని, డబ్బో తిండో ఆశపెట్టి ఎవరితోనూ పడుకోకూడదని ఐక్యరాజ్యసమితి 2003లోనే రాసిపెట్టింది. ఆ పోస్టరు నేను రెండేళ్లు రోజూ చూశాను. ఓ కాంట్రాక్టు కంపెనీ తరఫున ఒక శాంతి దళం క్యాంపులో జనరేటర్లు చూసేవాణ్ని. ఏ దేశమో, ఎవరి దళమో అడక్కండి. మెస్‌లో చేతులు కడుక్కునే చోట ఇంగ్లీషులో, లామినేషన్ చేసి మరీ అంటించారు. అది తెలియాల్సిన ఆడవాళ్లేమో ముళ్లకంచెకి అవతల.

ఒకరోజు గేటు దగ్గరికి ఒకామె వచ్చింది. చంకలో ఏడాది పిల్ల. చేతిలో యూనిఫాం మీద అంటించుకునే పేరు పట్టీ. దాని వెనక వెల్‌క్రోకి నూలుపోగులు, వెంట్రుకలు అట్టకట్టి ఉన్నాయి, ఎన్నాళ్లు దాచుకుందో. ఆఫీసరు వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ బెటాలియన్ పోయిన నెలే వెళ్లిపోయింది" అన్నాడు. పట్టీ మాత్రం తిరిగివ్వలేదు, జేబులో వేసుకున్నాడు. నేను పక్కనే డీజిల్ లెక్క రాసుకుంటున్నా. నోరు మెదపలేదు.

మిలిటరీ దళంలోని సైనికుడి మీద కేసు నడిపే అధికారం ఐరాసకి లేదు, నేరం జరిగిన దేశానికీ లేదు. అతన్ని పంపిన దేశానిదే. పోలీసులు, సివిల్ ఉద్యోగుల సంగతి వేరు. ఐరాస చేయగలిగిందల్లా ఇంటికి పంపడం. 2007లో హైతీ నుంచి శ్రీలంక సైనికులు వందమందికి పైగా అలాగే వెనక్కి వెళ్లారు. ఒక్కరూ జైలుకి వెళ్లలేదని పదేళ్ల తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ రాసింది. 2021లో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ నుంచి గాబన్ దళం మొత్తాన్ని, 450 మందిని, పంపేశారు. పేపర్లో చదివితే పెద్ద శిక్షలాగే ఉంటుంది. కానీ తండ్రెవరో తేల్చే డీఎన్ఏ కూడా అదే విమానం ఎక్కి వెళ్లిపోతుంది.

ఆడ సైనికుల్ని ఎక్కువగా పంపితే సరిపోతుందని కొందరంటారు. మగవాళ్లకి కాపలా కాయడానికా వాళ్లు వెళ్లేది?

హైతీలో ఇలా పుట్టిన పిల్లల్ని అక్కడి ఐరాస శాంతి మిషన్ పేరుతోనే 'మినుస్తా పిల్లలు' అంటారు. మిషన్ 2017లో మూసేశారు, పిల్లలకి ఆ పేరు అలాగే ఉంది.

నన్నడిగితే ఒకటే దారి. దళం తిరిగి వెళ్లేటప్పుడు ఒక్కో తుపాకీ నంబరూ సరిచూస్తారు, నేను కళ్లారా చూశాను. ఆ లైన్లోనే డీఎన్ఏ కోసం ఒక్కొక్కడి నోట్లో దూదిపుల్ల తిప్పి, సీసాలో వేసి, పేరు రాసుకోమనండి.